నేతిబీరకాయ సూది

నడవలేక మూలుగుతున్న మనిషి తుంటి ఎముకలోంచి మూలుగ లాగి, యంత్రంలో గిర్రున తిప్పి, కావలసిన పొరను వేరుచేసి, అదే పూట అతని మోకాల్లోకి ఎక్కించడం ఇవాళ పెద్ద వ్యాపారం. దీనికి మూలకణ చికిత్స అని పేరు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న పాత మాట ఇక చెల్లదు. పెరడు మన ఒంట్లోనే ఉంది, ఆకు మాత్రం మనమే కొనుక్కోవాలి. అమెరికాలో 2018లో అచ్చయిన ఒక సర్వే ప్రకారం ఒక మోకాలికి మూలకణ సూది సగటు ధర 5,156 డాలర్లు. క్లినిక్కులు చెప్పుకున్న విజయం సగటున 82 శాతం. టీవీలో "ఒకటి, ఒకటి, ఒకటి" అని అరిచే మన కార్పొరేట్ కాలేజీలు కనీసం పిల్లల ఫొటోలైనా వేస్తాయి.

ఇంతకీ ఆ సూదిలో ఏముంది? నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, ఇందులో మూలకణాలు అంతే. మృదులాస్థిని, స్నాయువును బాగుచేస్తాయని చెప్పే కణాలు మూలుగలో పదివేల కణాలకు ఒకటి, ఒక్కోసారి లక్షకు ఒకటి ఉంటాయి. అంటే కిలో బియ్యంలో ఒకటో రెండో గింజలు. పైగా ఎముకలో సూది గుచ్చి లాగినప్పుడు మొదటి రెండు మిల్లీలీటర్లలో వచ్చినంత చిక్కగా తర్వాత రాదు, లాగేకొద్దీ మామూలు రక్తమే ఎక్కువగా వచ్చి కలుస్తుంది. పాలవాడి చెంబు గురించి తెలిసిన మనకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. యంత్రంలో తిప్పితే చిక్కబడే మాట నిజమే, కానీ వేలకు ఒకటిగా ఉన్నది చిక్కబడినా పిడికెడు కాదు.

అసలు ఈ కణాలకు 1991లో మూలకణాలని పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చిన శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లాన్. ఇవి ఒంట్లోకి వెళ్లాక కొత్త కండో ఎముకో అయిపోవని, చుట్టుపక్కల కణాలకు సంకేతాలిచ్చే రసాయనాలను మాత్రం విడుదల చేస్తాయని వాదించి, 2017లో ఆయనే పేరు మార్చేద్దామని వ్యాసం రాశారు. బారసాల చేసిన పెద్దాయనే పేరు తప్పు పెట్టానంటుంటే, ఆ పేరును బోర్డుకెక్కించినవాళ్లకు మాత్రం వినపడలేదు. బోర్డు మారిస్తే బేరం పోతుంది మరి.

"సిద్ధాంతాలు మాకెందుకు, సూది వేయించుకున్నవాడు లేచి నడుస్తున్నాడు కదా" అంటారు. నడుస్తాడు, కాదనను. ఫ్లోరిడాలోని మేయో క్లినిక్‌లో దీన్నే పరీక్షించారు. రెండు మోకాళ్లూ నొప్పిగా ఉన్న 25 మందికి ఒక మోకాల్లో మూలుగ గుజ్జు, రెండో దాంట్లో ఉత్త ఉప్పునీరు ఎక్కించారు. ఏ మోకాల్లో ఏది ఉందో వాళ్లకు చెప్పలేదు. 2017లో అచ్చయిన ఫలితం ఏమిటంటే, రెండు మోకాళ్లూ దాదాపు ఒకేలా మెరుగుపడ్డాయి. నొప్పి భరించలేనంతగా ఉన్న రోజునే మనిషి ఆసుపత్రికి వెళ్తాడు, ఆ తర్వాత కొంత దానంతటదే తగ్గుతుంది, నమ్మకం ఇంకొంత తగ్గిస్తుంది. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకికి ఫీజు కట్టామన్నదే ఇక్కడ తేడా. పాతికమంది చాలరంటారా? 2023లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన పరీక్షలో 475 మంది ఫలితాలు లెక్కించారు. మూలుగ, కొవ్వు, బొడ్డుతాడు, మూడింటి కణాలనూ చవకైన స్టెరాయిడ్ సూదితో పోల్చారు. ఏడాది తిరిగేసరికి ఏ ఒక్కటీ స్టెరాయిడ్‌ను మించలేదు.

భుజం సంగతి వేరంటారు. అందులో కొంత నిజముంది, దాన్ని దాచను. ఫ్రాన్స్‌లో హెర్నిగూ బృందం తెగిన భుజం స్నాయువును శస్త్రచికిత్సతో కుట్టి, దానికి తోడుగా మూలుగ కణాలు వేస్తే, పదేళ్ల తర్వాత 87 శాతం మందిలో కుట్టు నిలిచింది, వేయనివాళ్లలో 44 శాతం మందిలోనే. ఆశ పుట్టించే అంకెలే. అయితే అక్కడ కుట్టు పడింది. కత్తి లేదు, కుట్టు లేదు, సాయంత్రానికి ఇంటికెళ్లండి అనే క్లినిక్కు ఆ అంకెలను తన గోడకు తగిలించుకోకూడదు. పైగా రోగులను చీటీ వేసినట్టు విడదీసి చేసిన పరీక్ష కాదది. ఇక ఆటగాళ్ల ఉదాహరణలు సరేసరి. బేస్‌బాల్ పిచర్ బార్టోలో కొలోన్ 2010లో డొమినికన్ రిపబ్లిక్‌లో మోచేతికి, భుజానికి ఈ కణాలు వేయించుకుని మరుసటి ఏడాది మైదానానికి తిరిగొచ్చాడని ఊరంతా చాటారు. 2012లో టెస్టోస్టిరాన్ వాడినందుకు అతనిపై 50 ఆటల నిషేధం పడింది. ఆ సంగతి చాటింపులో కలవలేదు.

అసలు వినోదం చట్టం దగ్గరుంది. కణాలను ప్రయోగశాలలో పెంచి సంఖ్య పెంచితే అది మందు అవుతుందని, అనుమతి తప్పదని 2014లో అమెరికా అప్పీలు కోర్టు తేల్చింది. "నా కణాలు నావే" అన్న వాదన నిలవలేదు. దాంతో పెంచకుండా, అదే రోజు తీసి అదే రోజు వేసేవాళ్లకు గిరాకీ పెరిగింది. నెయ్యి ఉంటే తనిఖీ, లేకపోతే అమ్మకం! మన దేశంలోనూ 2022లో మోకాలి అరుగుదలకు ఒక కణ ఔషధాన్ని అనుమతించారు కదా అంటారు. అది దాతల మూలుగ నుంచి పెంచి, లెక్కపెట్టి, పరీక్షలు దాటించిన సరుకు. దాని అనుమతి పత్రం పక్కవీధి యంత్రానికి చెల్లదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు మూలకణాలను మామూలు చికిత్సగా ఒప్పుకున్నది రక్త సంబంధ వ్యాధుల్లో మూలుగ మార్పిడికి మాత్రమే. మిగతావి పరీక్షల్లోనే జరగాలన్నాయి.

కాబట్టి తుంటి చూపించేముందు ఒక్కమాట అడగండి: ఈ సూదిలో పనికొచ్చే కణాలు ఎన్ని? నిజాయితీ ఉన్న డాక్టరైతే ఇప్పుడే చెప్పలేనంటారు. వాటిని పళ్లెంలో పెంచి లెక్కించడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. బిల్లు మాత్రం ఆ సాయంత్రమే ఇస్తారు.