రెండు టీములకు ఆడినోడు: సటీక తాత్పర్యము

అవతారిక. జమ్మికుంట పత్తి మార్కెట్ యార్డు ఎదుటి చాయ్ హోటల్లో, జెండా పాట అయిపోయి కాంటాలు ఇంకా మొదలుకాని సంధివేళ, ఒక పడుచువాడు ఫోన్లోంచి తలెత్తి పక్కవాడితో పలికిన వాక్యమిది. కర్త పేరు తెలియదు. కాలం ఐపీఎల్ కాలమని వాక్యమే చెబుతోంది.

మూలం: “అరేయ్, ముంబైకి, చెన్నైకి రొండిట్ల ఆడినోని పేరు చెప్పు. చెప్తే చాయ్ నాది, చెప్పకుంటే సమోసల పైసలు నీయి.”

టీక. ‘అరేయ్’ అనేది సంబోధన. కోపార్థకం కాదు, స్నేహార్థకం. ఇదే మాట కాంటా వేసే దడువాయి నోట వస్తే అర్థం వేరు. ‘ముంబైకి, చెన్నైకి’ అంటే ఊళ్ళు కావు. ఆ ఊళ్ళ పేర్లు పెట్టుకున్న ముంబై ఇండియన్స్, చెన్నై సూపర్ కింగ్స్ అని లక్షణావృత్తిచేత గ్రహించాలి. ఆ రెండే ఎందుకంటే చెరి అయిదు కప్పులు గెలిచిన టీములవి. తక్కిన టీముల మీద పందెం కాస్తే చాయ్ ఖర్చుకు గిట్టుబాటు కాదని కవి హృదయం.

‘ఆడినోని’ అన్నచోట ఏకవచనం దోషమని పూర్వపక్షం. అంబటి రాయుడు, హర్భజన్ సింగ్, డ్వేన్ బ్రావో, మైకేల్ హస్సీ, పార్థివ్ పటేల్, రాబిన్ ఉతప్ప, పీయూష్ చావ్లా, అజింక్య రహానే, 2025లో చెన్నై నుంచి ముంబైకి వెళ్ళిన దీపక్ చాహర్, మిచెల్ సాంట్నర్... ఇంతమంది ఉండగా ‘ఆడినోడు’ అని ఒక్కణ్ణే అడగడమేమిటి? జాత్యేకవచనమని సమర్థించుకోవచ్చు. అయితే నా మతం అది కాదు. కవి మనసులో ఉన్నది ఒక్కడే, అతడు రాయుడు.

హేతువు చెబుతాను. రాయుడు ముంబైలో 2013, 2015, 2017 కప్పులు చూశాడు. 2018 వేలంలో చెన్నై వాళ్ళు రెండు కోట్ల ఇరవై లక్షలకు కొంటే, ఆ ఏడే 602 పరుగులు చేసి కప్పు పట్టాడు. తర్వాత 2021, 2023. అక్కడ మూడు, ఇక్కడ మూడు. త్రాసు ముల్లు అటూ ఇటూ కదలని ఇలాంటి లెక్క ఇంకెవరికీ లేదు. 2023 ఫైనల్‌కు ముందే, ఇదే నా ఆఖరి మ్యాచ్ అని చెప్పేసి, అహ్మదాబాద్‌లో అర్ధరాత్రి దాటాక బ్యాటు పట్టి 8 బంతుల్లో 19 కొట్టి వచ్చాడు.

హర్భజన్‌ది కూడా ఇదే దారి. ముంబైలో పదేళ్ళు, ఆపైన చెన్నై. ఈ ఇద్దరినీ కలిపి చూడవలసిన రోజు 2019 మే 12. ఉప్పల్ స్టేడియం, ఫైనల్, ఎదురుగా ముంబై. ఇద్దరూ పసుపు చొక్కాల్లో ఉన్నారు. చెన్నై ఒక్క పరుగుతో ఓడింది. ఆ ఒక్క పరుగు చూసి పాత ఇంటివాళ్ళు ఎగురుతుంటే కొత్త ఇంటివాళ్ళుగా నిలబడి చూడడం ఏ రసమో అలంకారశాస్త్రంలో వెతికాను. కరుణంలో పెడదామంటే జీతం దండిగా ఉంది, హాస్యంలో పెడదామంటే మనసొప్పదు.

ఇక్కడ హోటల్లోనే ఉన్న మరొక టీకాకారుడు, కాంటా కాడి పెద్దమనిషి, గ్లాసు కింద పెట్టి ఒక ఆక్షేపణ లేవదీశాడు. “ఏంది బిడ్డా, వాడే పోయిండా, వీళ్ళు అమ్మిండ్రా? అది చెప్పుండ్రి ముందుగాల.” నా ఎరుకలో ఈ మూలానికి ఇంతకు మించిన వ్యాఖ్య లేదు. యార్డులో పత్తి బస్తా తనంతట తాను ఏ ఖరీదుదారు గోదాములోకీ నడిచిపోదు. పాట పాడినవాడి పేరు తక్‌పట్టీ అనే అమ్మకం చీటీ మీదికి ఎక్కుతుంది, బస్తా ఆ పేరు వెంట పోతుంది. ఐపీఎల్‌లోనూ అంతే. ‘ఆడినోడు’ అన్న క్రియ వెనక ‘అమ్ముడైనోడు’ దాక్కుని ఉన్నాడు.

రంజీలో అలా కాదు. అక్కడ ఆటగాడే సొంత సంఘం దగ్గర నిరభ్యంతర పత్రం అడిగి తీసుకుని మూట సర్దుకోవాలి. దృష్టాంతం మళ్ళీ రాయుడే. గుంటూరులో పుట్టి, హైదరాబాద్ తరఫున 2002లో ఆంధ్ర మీద ఒకే మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ కొట్టాడు. అప్పటికి వయసు పదిహేడు. మూడేళ్ళు తిరిగేసరికి అదే ఆంధ్రకు ఆడాడు, మళ్ళీ హైదరాబాద్‌కు వచ్చాడు. కాకినాడలో పుట్టిన హనుమ విహారిదీ ఇదే జోడు: హైదరాబాద్, 2016 నుంచి ఆంధ్ర, 2021లో తిరిగి హైదరాబాద్, మరుసటి ఏడు మళ్ళీ ఆంధ్ర. 2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్ మీద మణికట్టు విరిగితే, కుడిచేతి ఆటగాడు ఎడమవైపు తిరిగి ఒంటిచేత్తో బ్యాటు ఆడించాడు, ఆంధ్ర కోసం. వీళ్ళను ఎవరూ అమ్మలేదు. వెళ్ళారు, అంతే. కనుక ముంబై, చెన్నైల ప్రశ్నకన్నా హైదరాబాద్, ఆంధ్రల ప్రశ్న ఒక మెట్టు పైదని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం. అడిగితే హోటల్లో ఎవ్వడూ చెప్పలేకపోయాడన్నది వేరే సంగతి.

శంక. డెక్కన్ చార్జర్స్‌కూ సన్‌రైజర్స్‌కూ ఆడిన డేల్ స్టెయిన్, శిఖర్ ధావన్, అమిత్ మిశ్రా, సంగక్కర రెండు టీములకు ఆడినట్టా, ఒక్కదానికా? సమాధానం. 2009లో కప్పు గెలిచిన చార్జర్స్ కథ 2012తో ముగిసింది. సన్ టీవీ వాళ్ళు హైదరాబాద్‌కు కొత్త టీము కొన్నారు. మైదానం అదే ఉప్పల్, అరిచే గొంతులు అవే. కట్టుకున్న బట్ట మారితే మనిషి వేరవుతాడా? చాయ్ పందేనికి మాత్రం వేరేనని ఒప్పుకోవాలి, లేకపోతే రాత్రికి గానీ తెగదు.

దేశాంతర పాఠం. మన జిల్లా పిల్లగాండ్లు డాలస్‌లో ఇదే ప్రశ్నను అక్కడి ఫుట్‌బాల్ మీద వేసుకుంటారు. శాన్‌ఫ్రాన్సిస్కో 49అర్స్‌కూ డాలస్ కౌబాయ్స్‌కూ ఆడిందెవరు? చార్లెస్ హేలీ పేరు మొదట వస్తుంది. అక్కడ రెండు సూపర్ బౌళ్ళు, ఇక్కడ మూడు, మొత్తం అయిదు. కోచ్‌తో పడక 1992లో అతన్ని 49అర్స్ వాళ్ళే డాలస్‌కు బదలాయించారు. రెండోవాడు డియాన్ శాండర్స్. 49అర్స్‌తో ఒక్క సీజన్ ఆడి గెలిచి, బేరం కుదుర్చుకుని తానే కౌబాయ్స్‌లోకి నడిచి, మరుసటి ఏడు అక్కడా గెలిచాడు. ఒకే జోడు టీములు, ఒకరిని పంపారు, ఒకడు పోయాడు. కాంటా కాడి పెద్దమనిషికి డాలస్ ఎక్కడుందో తెలియకపోయినా వాళ్ళ శాస్త్రం తెలిసింది.

అప్రస్తుతం. హుజూరాబాద్ నియోజకవర్గంలో కూర్చుని రెండు టీముల మాట ఎత్తితే సంభాషణ కండువాల మీదికి పోక తప్పదు. ఈటల రాజేందర్ టీఆర్ఎస్ నుంచి బీజేపీకి, పాడి కౌశిక్ రెడ్డి కాంగ్రెస్ నుంచి టీఆర్ఎస్‌కు, రెండూ 2021లోనే. ఈ రెండోవారు ఒకప్పుడు హైదరాబాద్‌కు రంజీ ఆడినవారు కనుక శ్లేషకు తావుంది. రాయుడు సైతం 2023 డిసెంబరు చివర వైసీపీలో చేరి, మరుసటి నెల మొదటి వారంలోనే బయటికొచ్చాడు. అది నెట్ ప్రాక్టీసు కిందికి వస్తుంది, మ్యాచ్ కిందికి రాదు. ఇంతకు మించి వ్యాఖ్యానిస్తే హోటల్లో కుర్చీలు లేస్తాయి గనుక మూలంలోకి వస్తాను.

‘చాయ్ నాది’ ఏకవచనం. ‘సమోసల పైసలు నీయి’ బహువచనం. ఒక చాయ్‌కి ఎన్ని సమోసలన్నది కవి చెప్పలేదు. రెండని ప్రాచీనులు, ప్లేటు మొత్తమని నవీనులు. హోటలాయన అప్పటికే నాలుగు రాసుకున్నాడు.