మాస్టారి సెటిల్‌మెంటు

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసుకు బతికేవాణ్ణి నేను. హైస్కూల్లో మాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు రిటైరయ్యాక పొద్దున్నే నా కొట్టుకొచ్చి పేపరు ముందేసుక్కూచునేవారు. ఆయన చదవడం మామూలుగా ఉండదు. ఒక మాట దగ్గర ఆగారంటే దాని ఇంటిపేరూ గోత్రమూ తేలేదాకా పేజీ తిరగదు. చేతిసంచీలో రోజె గారి పర్యాయపదాల పుస్తకం ఎప్పుడూ ఉండేది. రోజె వృత్తికి డాక్టరనీ, తన డెబ్భై మూడో ఏట, 1852లో, ఆ పుస్తకం అచ్చు వేయించాడనీ, మన బ్రౌను దొర తెలుగు నిఘంటువు మద్రాసులో వెలువడిందీ ఆ ఏడే అనీ కనీసం వారానికోసారి చెప్పేవారు.

ఆయనకు మహా ఇష్టమైన మాట ‘సెటిల్’. “తెలుగువాడు ‘అమ్మా’ తర్వాత ఎక్కువసార్లు అనే మాట ఇదేరా,” అనేవారు.

మొదలెట్టారంటే ఆపడం కష్టం. “పాత ఇంగ్లీషులో ‘సెట్ల్’ అంటే కూచునే పీట. ఎత్తు వీపున్న చెక్క బెంచీని వాళ్ళు ఇప్పటికీ సెటిలనే అంటారు. పీట మీంచి లేచి ఎన్నిళ్ళు తిరిగిందో చూడు. నీ కాఫీ గ్లాసులో మడ్డి అడుక్కి దిగిందే, అది సెటిలవడం. 1802లో కంపెనీవాడు జమీందార్ల పేష్కషు ఇంతని ఖాయం చేశాడే, అది పర్మనెంట్ సెటిల్‌మెంటు. నేరస్థ తెగలని ముద్ర కొట్టి మనుషుల్ని స్టూవర్టుపురంలో పెట్టి హాజరు వేశారే, అదీ సెటిల్‌మెంటే. కోస్తా నుంచి హైదరాబాదు వెళ్ళి ముప్పయ్యేళ్ళున్నా సెట్లరే. స్థలం తగాదాలో ఇద్దర్నీ కూచోబెట్టి ఇద్దరి దగ్గరా డబ్బు గుంజేవాడు చేసేదీ సెటిల్‌మెంటే.”

“మరి పెళ్ళిచూపుల్లో అడిగేదో మాస్టారూ?”

“అదా! అబ్బాయి సెటిలయ్యాడా అంటే దానికి రోజె దగ్గర కూడా పర్యాయపదం లేదురా. ఉద్యోగం, ఫ్లాటు, కారు, వీలుంటే గ్రీన్‌కార్డు.”

ఆ లెక్కన వాళ్ళబ్బాయి డల్లాస్‌లో పూర్తిగా సెటిలయ్యాడు. పంతులు జీతంతో అమెరికా చదువు ఎట్లా అయిందని ఊళ్ళో అప్పుడు అనుకున్నారు గానీ, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. అమ్మగారు పోయిన ఏడాదికి ఆ అబ్బాయి వచ్చాడు. వస్తూనే తండ్రిని వెంటబెట్టుకుని నా కొట్టుకొచ్చాడు.

“సెటిల్‌మెంట్ డీడ్ రాయాలంకుల్. ఇల్లు, ఎకరంన్నర పొలం, బ్యాంకులో డిపాజిట్లు, అమ్మ నగలు. రేపు నాన్నకేదైనా అయితే నేను వారసత్వ సర్టిఫికెట్లంటూ ఆఫీసుల చుట్టూ తిరగలేను.”

“అలాగే బాబూ. మాస్టారు బతికున్నంతకాలం అనుభవం ఆయనదేననీ, పోషణ భారం నీదేననీ ఒక్క ముక్క వేద్దాం,” అన్నాను. ఆ ముక్క ఉంటే, రేపు కొడుకు చూడకపోతే దస్తావేజు రద్దు చేయమని అడగడానికి 2007 నాటి పెద్దల పోషణ చట్టం కింద దారి ఉంటుంది. అది లేని కాగితాలు రాసిచ్చి, తర్వాత నా కొట్టు మెట్ల మీద కూచుని ఏడ్చినవాళ్ళను నేనెరుగుదును.

“కండిషన్లొద్దంకుల్. కండిషనుంటే కొనేవాడు రాడు.”

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. “వాడు చెప్పినట్టే రాయరా. ‘యావత్తు స్థిరచరాస్తులు’ అని రాయి. నా పేర చెంచా కూడా మిగలకూడదు.”

నాకు ఒళ్ళు మండింది. అయినా రాశాను. నీయందు నాకు గల ప్రేమాభిమానముల చేత, పుత్రపౌత్ర పారంపర్యంగా, దానవిక్రయాది సర్వాధికారములతో. అబ్బాయి రెండుసార్లు చదువుకున్నాడు. ‘యావత్తు’ దగ్గర తృప్తిగా తలాడించాడు.

సాక్షులు ఇద్దర్నీ మాస్టారే తీసుకొచ్చారు. పక్క మండలంవాళ్ళు, తెల్ల చొక్కాలు, నేనెప్పుడూ చూడలేదు. సాక్షులంటే ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ సంతకం గీకి టీకి వెళ్ళిపోయేవాళ్ళు. వీళ్ళట్లా కాదు. షెడ్యూలు చదివారు. చెక్కుబందీ చదివారు. పొలం సర్వే నంబరు మీద వేలు పెట్టి ఒకాయన, “కాలవ పక్కదేనా?” అని కూడా అడిగాడు. ఎంత శ్రద్ధో అనుకున్నాను.

లోపల ఫోటోలు, వేలిముద్రలు ముగిసి బయటికొచ్చేసరికి రెండు దాటింది. వేపచెట్టు కింద అబ్బాయి జేబులోంచి ఒక రసీదు తీసి తండ్రి చేతిలో పెట్టాడు.

“ఓల్డేజ్ హోమ్‌లో నీ పేర గది బుక్ చేశాను నాన్నా. ఏసీ ఉంది. ఐదేళ్ళకి ముందే కట్టేశాను. అక్కడ హాయిగా సెటిలైపో.”

మాస్టారు రసీదు మీద తన పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకుని, మడిచి రోజె పుస్తకంలో పెట్టుకున్నారు. తర్వాత సాక్షుల వైపు చూసి చిన్నగా తలూపారు.

ఇద్దరూ దగ్గరికొచ్చారు. చెరొకరూ జేబులోంచి రెవెన్యూ స్టాంపు అంటించిన కాగితం తీశారు. ప్రోనోట్లు.

“నీ మొదటేడు ఫీజు బాపతు బాబూ ఇది,” అన్నాడు ఒకాయన. “ఆయనదేమో రెండో ఏడుది. మూడేళ్ళకోసారి తిరగరాసిచ్చారు మాస్టారు. పింఛనులో వడ్డీ కట్టారు గానీ అసలు అట్లాగే ఉంది.”

“అది నాన్న అప్పు. నాకేం సంబంధం?”

“ఉందిరా,” అన్నారు మాస్టారు, క్లాసులో పాఠం చెప్పే గొంతుతోనే. “1882 ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 128. ఒకడి యావదాస్తీ దానంగా పుచ్చుకున్నవాడు, ఆ ఆస్తి మేరకు వాడి అప్పులకీ జవాబుదారీ. ఇల్లో పొలమో ఏదో ఒకటి నాకు వదిలిపెట్టి ఉంటే ఈ సెక్షను నీ జోలికొచ్చేది కాదు.”

అబ్బాయి నా వైపు తిరిగాడు. నేను తల వంచుకుని స్టాంపు ప్యాడ్ మూత వెతుక్కున్నాను.

తెల్ల చొక్కా ఆయన నోటు మడత సరిచేసుకుంటూ ఎంతో మర్యాదగా అడిగాడు:

“ఇంతకీ విమానం ఎప్పుడు బాబూ? వెళ్ళేలోగా సెటిల్ చేస్తావా?”