వెండిరంగు మార్కరు మాహాత్మ్యం

గాజు, ఇనుము, చెక్క, తోలు, రాయి, రబ్బరు, ప్లాస్టిక్కు, గుడ్డ, కాగితం. ఇదేదో పాతసామాన్లు కొనేవాడి కేక అనుకునేరు. స్టేషనరీ కొట్లో వేలాడే మెటాలిక్ పర్మనెంట్ మార్కరు అట్టమీది ప్రతిజ్ఞ ఇది. వీటన్నిటి మీదా రాస్తుందట, రాసింది శాశ్వతంగా నిలుస్తుందట. ఎన్నికల మేనిఫెస్టోలు కూడా ఇంత ధైర్యం చెయ్యవు. అవి ఎంత పెద్ద హామీ ఇచ్చినా అయిదేళ్ళతో సరిపెట్టుకుంటాయి.

అట్ట తిప్పి చూస్తే వెనక చీమతలంత అక్షరాల్లో మరో వాక్యం ఉంటుంది: వాడేముందు చిన్న భాగం మీద పరీక్షించి చూసుకోండి. ముందువైపు సర్వాంతర్యామి, వెనకవైపు ముందస్తు బెయిలు.

పెన్ను రాస్తుందన్నది అబద్ధం కాదు. రాయడానికేం, ఎవరైనా రాస్తారు, ఎక్కడైనా రాస్తారు. నిలబడటం దగ్గరే పేచీ అంతా. ఆ రాతను నిలబెట్టేది చేతిలోని పెన్ను కాదు, దాని కింద ఉన్న వస్తువు. ఈ ఒక్క ముక్క అట్ట ముందువైపున వేస్తే సరిపోయేది. కానీ నిజం అంత పెద్ద అక్షరాల్లో అచ్చయితే సరుకు కొట్లోనే ఉండిపోతుందని అమ్మేవాళ్ళ భయం.

ముందు ఆ గొట్టంలో ఏముందో చూద్దాం. వెండిరంగు మార్కర్లో వెండి ఉండదు. ఉండేది అల్యూమినియం, విడివిడిగా కంటికి ఆననంత సన్నని రేకుల రూపంలో. బంగారు రంగు మార్కర్లలో చాలావాటిలో ఉండేది రాగి, జింకు కలిసిన పొడి. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో అటకమీది బిందెలకు తెలుసు: ఇత్తడి. ఇత్తడి కూడా దండగేనని కొందరు అల్యూమినియం రేకులకే పసుపు రంగు పట్టించి బంగారం అనిపిస్తారు. పెళ్ళి ఆల్బం నల్ల అట్టమీద బంగారు అక్షరాలతో ఇద్దరి పేర్లూ రాయించుకుని మురిసిపోయే దంపతులు ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఇత్తడికి గాలీ తేమా తగిలితే రంగు మారే గుణం ఉంది. కాపురం కళకళలాడుతున్నా అట్టమీది పేర్లకు చిలుము పట్టవచ్చు.

ఈ రేకులు బరువైనవి, కదిలించకపోతే ఇంకులో అడుక్కి దిగిపోతాయి. అందుకే చాలా మార్కర్ల గొట్టంలో ఒక బుల్లి గోళీ వేస్తారు. రాసేముందు బాగా ఊపాలి, ఆ గోళీ టకటకలాడాలి, తర్వాత పనికిరాని కాగితం మీద మొన నొక్కి ఇంకు దింపుకోవాలి. మనవాళ్ళకు అంత ఓపికెక్కడిది? సరాసరి బహుమతి పెట్టె మీదే నొక్కుతారు. ఊపకపోతే బూడిదరంగు నీళ్ళు కారతాయి, గట్టిగా నొక్కితే ఒక పెద్ద బొట్టు ఊడిపడుతుంది. 'నూతన వధూవరులకు' అని మొదలుపెడితే 'నూ' బొట్టు కింద సమాధి అయి, బహుమతి 'తన వధూవరులకు' చేరుతుంది.

రాశాక ద్రావకం ఆవిరైపోతుంది. మిగిలిన రెజిన్ జిగురు ఆ రేకుల్ని కింది వస్తువుకు అంటించి ఉంచాలి. జిగురుకు పట్టు దొరికిందా, పర్మనెంటు. దొరకలేదా, అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం. ఎప్పుడు తీసేస్తారో తెలియదు.

ఇప్పుడు వంటింట్లోకి రండి. ఒకే సైజు ప్లాస్టిక్ డబ్బాలు వరసగా పేర్చి, వాటిమీద తీరైన చేతిరాతతో కందిపప్పు, మినప్పప్పు అని రాసే వీడియోలు చూడని ఇల్లాలు ఇవాళ లేదు. ఆ డబ్బాల్లో చాలావరకు పాలీప్రొపిలీన్ లేదా పాలీఎథిలీన్‌తో చేసినవి. దేన్నీ దగ్గరకు రానివ్వని జాతి అది. ఫ్యాక్టరీలో దానిమీద అచ్చు వెయ్యాలంటే ముందు మంట చూపిస్తారు, లేదా కరోనా డిశ్చార్జి అనే విద్యుత్ ప్రక్రియతో పైపొర స్వభావాన్నే మారుస్తారు. యంత్రాలు అంత బతిమాలితే గాని లొంగని ప్లాస్టిక్కు ఆదివారం మధ్యాహ్నం మనం గీసిన గీతకు లొంగుతుందా? పైగా నూనె చేతులు, తడిగుడ్డ. నాలుగు తుడుపులకే కందిపప్పులో పప్పు పోయి కంది మిగులుతుంది, ఇంకో రెండు తుడుపులకు కందీ పోతుంది. లోపలున్నది ఏమిటో మూత తీసి చూడటమనే ప్రాచీన పద్ధతికే అందరూ తిరిగొస్తారు.

స్టీలు సంగతి చూద్దాం. ఒకప్పుడు సామాన్ల కొట్లోనే కూర్చోబెట్టి గిన్నె అంచుకో అడుగుకో పేరు కొట్టించేవారు. పక్కింటికి పులిహోర వేసి పంపిన గిన్నె ఎన్ని ఇళ్ళు తిరిగినా సొంతింటికి రావడానికి ఆ పేరే పాస్‌పోర్టు. ఇప్పుడు అంత తీరిక లేదని వెండిరంగు మార్కరుతో రాసిస్తున్నారు. నున్నటి స్టీలు, కటువైన పీచు, సబ్బు, వేడినీళ్ళు. రెండు తోముళ్ళకు గిన్నె మళ్ళీ అనాథ. క్రీ.శ. 575 ప్రాంతంలో కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనుంజయుడు తెలుగు శాసనం వేయించినప్పుడు రాతిని చెక్కించాడు, రంగు పూయించలేదు. అరిగినంత అరిగినా అందులో మిగిలిన అక్షరాల్ని పధ్నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా చదువుతున్నాం. ఆయనకు మార్కరు దొరక్కపోవడం తెలుగువాళ్ళ పూర్వజన్మ సుకృతం.

కాఫీ కప్పు కథ ఇంకా ఘనమైనది. కప్పు మీద మార్కరుతో నచ్చిన మాట రాసి, ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర అరగంట పెడితే ఇక చెరగదని ఒక ఉపదేశం ఊరంతా తిరుగుతోంది. నిగనిగలాడే పింగాణీ మీద వేసిన రంగు నిజంగా కరిగి అతుక్కోవాలంటే కొలిమిలో ఏడెనిమిది వందల డిగ్రీల వేడి కావాలి, రంగు కూడా అందుకోసం తయారుచేసినదై ఉండాలి. 180 డిగ్రీలకు చక్కగా కాలేది కేకు. రాత కాస్త గట్టిపడినట్టు కనిపించినా పీచు పెట్టి తోమితే అమ్మా నాన్నల పెళ్ళిరోజు శుభాకాంక్షలు సింకులో కలుస్తాయి. పైగా ఇది తిండికి తగలడానికి చేసిన ఇంకు కాదు. కప్పు అంచున పెదవి ఆనేచోట రాస్తే ప్రేమ నేరుగా కడుపులోకి పోతుంది, రెజిన్‌తో సహా.

బండి టైరు మీది అక్షరాలకు వెండిరంగు పూసే కుర్రాళ్ళకు రెండే ముక్కలు. తిరిగే టైరు వంగుతూ ఉంటుంది, ఎండిన ఇంకు వంగలేక పగులుతుంది. రబ్బరులో కలిపిన మైనమూ రసాయనాలూ పైకి ఊరుతూ ఆ వెండిని మట్టిరంగులోకి దించుతాయి.

ఇక గుడ్డ. కాలేజీ ఆఖరిరోజున చొక్కాల మీద సంతకాలు చేసుకునే ఆచారం ఉంది కదా, తెల్ల చొక్కా పాతబడిందని ఇప్పుడు నల్ల టీషర్టూ వెండిరంగు మార్కరూ తెస్తున్నారు. మామూలు మార్కర్లోని రంగు నూలులోకి ఇంకుతుంది. ఇక్కడ రేకులు దారాల మీద కూర్చుంటాయి. ఉతికినకొద్దీ ఒక్కొక్క స్నేహితుడే రాలిపోతాడు. అదే మార్కరు మూత సరిగా పెట్టక అమ్మ పట్టుచీర మీద ఒక్క బొట్టు పడిందంటే, డ్రైక్లీనింగ్ వాడు కూడా చేతులెత్తేస్తాడు. రాసింది పోతుంది, ఒలికింది ఉంటుంది.

ఆఫీసు వైట్‌బోర్డు మీద ఎవరో పొరపాటున పర్మనెంట్ మార్కరుతో టార్గెట్లు రాసేస్తారు, ఇక బోర్డే మార్చాలని మీటింగు పెడతారు. అక్కర్లేదు. ఆ గీతల మీదే మామూలు బోర్డు మార్కరుతో మళ్ళీ గీసి తుడిస్తే చాలాసార్లు రెండూ కలిసిపోతాయి, కొత్త ఇంకులోని ద్రావకం పాతదాన్ని కరిగిస్తుంది కనక. అంతకంటే సులువు, కోవిడ్ నాటి శానిటైజర్ సీసాలో అడుగున నాలుగు చుక్కలు. ఇంత ప్రతిజ్ఞ చేసిన శాశ్వతత్వం స్పిరిట్ వాసనకే జారుకుంటుంది.

నిజంగా నిలిచే రాత ఎలా ఉంటుందో మనకు తెలియక కాదు. ఓటేసిన ప్రతిసారీ వేలిమీద పెట్టించుకుంటున్నాం. 1962 సార్వత్రిక ఎన్నికల నుంచీ ఆ సిరా తయారుచేస్తున్నది మైసూరులోని కర్ణాటక ప్రభుత్వరంగ సంస్థ. అందులో ఉండేది సిల్వర్ నైట్రేట్, అంటే అసలు సిసలు వెండి లవణం. అది చర్మంలోని ఉప్పుతో కలిసి, వెలుతురు తగిలి నల్లబడుతుంది. పైన అంటుకోవడం కాదు, చర్మంతోనే రసాయనిక సంబంధం కలుపుకుంటుంది. చర్మం రాలి, గోరు పెరిగితే గాని వదలదు. నిజంగా వెండి ఉన్నది నల్లగా వచ్చి నోరెత్తకుండా ఉంటుంది. వెండి లేనిది తళతళలాడుతూ శాశ్వతమని చాటింపు వేస్తుంది.

అయితే మార్కరు ప్రతిజ్ఞ నెరవేరే చోటు ఒకటుంది. గోల్కొండ కోట ఎక్కండి, చారిత్రక కట్టడాల్లో ఏదో ఒక మూల వెతకండి. ప్రేమికుల పేర్లు, బాణం గుచ్చిన గుండెలు, ఊరిపేరుతో సహా వచ్చి వెళ్ళిన తేదీ కనిపిస్తాయి. పాత సున్నపు గారకూ రాతికీ సన్నని రంధ్రాలుంటాయి, ఇంకు వాటిలోకి దిగుతుంది. ద్రావకం పోసి కడగబోతే మరింత లోపలికి దిగే ప్రమాదం. వంటింటి డబ్బా మీద వారం నిలవనిది, వందల ఏళ్ళనాటి గోడమీద మాత్రం పట్టుపట్టి కూర్చుంటుంది.

అలా గోడలమీద పేర్లు రాసేవాళ్ళకోసం ఒక చట్టం కూడా ఉంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పేరు శాశ్వతం కావాలని అంత తాపత్రయపడేవాళ్ళకు అట్టమీద రాయని అసలైన ఉపరితలం అదే, కేసు ఫైలు. దానిమీద పడిన పేరు శానిటైజరుకూ పోదు, పీచుకూ పోదు. రాసే రైటరు మాత్రం మామూలు బాల్‌పెన్నే వాడతాడు.