స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య

మాది మాధవరం. తాడేపల్లిగూడెం దగ్గర. చుట్టుపక్కల అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ సైన్యంలోకి మనుషుల్ని పంపుతూ వచ్చిన ఊరు. మా ఇంట్లోంచి వెళ్లింది నాన్న. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో ట్రైనింగు, ఆ తరవాత ఇరవై మూడేళ్లు ఫిరంగుల దగ్గరే బతుకు. 1999లో ద్రాస్‌లో బోఫోర్స్ మీద ఉన్నాడు. హవల్దారుగా రిటైరై ఇంటికొచ్చేటప్పుడు ఒక ట్రంకు పెట్టె, ఒక రేడియో తెచ్చుకున్నాడు.

ఆ రేడియో అమ్మకి సవతి. పగలు దాన్ని ముట్టుకునేవాడు కాదు. రాత్రి పక్క ఎక్కగానే తల దగ్గర పెట్టుకుని, స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య ముల్లు ఆపేవాడు. పాటా లేదు, వార్తా లేదు. తెల్లవార్లూ ఉత్త బుర్రుమనే హోరు. "ఏదైనా స్టేషన్ పెట్టుకోవచ్చు కదా నాన్నా" అంటే, "అలవాటైపోయిందిరా" అనేవాడు. అమ్మ పక్కగదిలోకి మారిపోయి పదేళ్లు దాటింది. నాన్నకి ఎడమ చెవి సరిగా వినపడదని మాకు తెలుసు. అందుకే స్టేషన్ కుదరడం లేదేమో అనుకున్నాం.

ఈ సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కొత్త డిజిటల్ రేడియో పట్టుకొచ్చాను. మీట నొక్కితే ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి గెంతుతుంది. మధ్యలో చప్పుడే ఉండదు. పాతదాన్ని ఆ పొద్దునే పాతసామాన్లు కొనేవాడి తోపుడుబండిలో వేసేశాను. నాన్న కొత్తదాని మీటలు రెండుసార్లు నొక్కి చూసి, కిటికీలో పెట్టేశాడు. ఒక్క మాటా అనలేదు.

మర్నాడు భోగి. సాయంత్రం మా అబ్బాయి అరుగు మీద తాతయ్య పక్కన చేరాడు. వాడికి పదమూడేళ్లు. 2020లో పబ్‌జీని నిషేధించాక, మరుసటేడు బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చిందే, ఆ ఆట ఆడతాడు.

"తాతయ్యా, ఇది అచ్చం నిజం యుద్ధంలాగే ఉంటుంది. చూడు."

నాన్న కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగా చూశాడు. ఏకేఎంని చూడగానే గుర్తుపట్టి, "చెక్క పనితనం కూడా బాగా చూపించారే" అన్నాడు. తరవాత ఒక్కొక్కటే అడగటం మొదలెట్టాడు.

"రెండు రైఫిళ్లు, అన్నేసి తూటాలు మోస్తూ పరిగెడుతున్నాడు. ఆయాసం రాదా?"

"రాదు తాతయ్యా."

"నీళ్లెప్పుడు తాగుతాడు?"

"ఎనర్జీ డ్రింక్ తాగుతాడు."

తెర మీద ఒకడు దెబ్బ తిని పాకుతున్నాడు. జట్టువాడు వచ్చి పది సెకన్లు పక్కన కూచున్నాడు. పడ్డవాడు లేచి, తుపాకీ అందుకుని మళ్లీ పరుగు తీశాడు. నాన్న వాడు వెళ్లినవైపే చాలాసేపు చూశాడు.

మ్యాపు మీద ఎర్రటి వలయం వచ్చింది. "ఇక్కడ బాంబులు పడతాయి. ఏదో ఒక ఇంట్లో దూరితే మనకేం కాదు" అన్నాడు మావాడు.

పక్కన కూచున్నది 155 మిల్లీమీటర్ల ఫిరంగి పేల్చిన మనిషి. గుండు ఒక్కోటి 40 కిలోల పైమాటే. 10,000 అడుగుల ఎత్తున, ఊపిరందని చోట, వాటిని చేతుల మీద మోసి ఎక్కించిన జట్టు వాళ్లది. జూన్ 13న తోలోలింగ్ చేతికి రావడానికి ముందు, జూలై 4న టైగర్ హిల్ దక్కడానికి ముందు, రాత్రుళ్లు గుక్క తిప్పుకోకుండా పేల్చారు.

"ఇంట్లో దూరితే ఏం కాదా?" అని మాత్రం అడిగి ఊరుకున్నాడు.

ఈ ఆటలు చేసేవాళ్లు తుపాకీ బోల్టు చప్పుడు దాకా పట్టుకుంటారు గానీ, తుపాకీ పట్టుకున్నవాడి ఒంటిని పట్టించుకోరని నాకనిపిస్తుంది. అమెరికా సైన్యం 2002లో తనే ఒక ఆట విడుదల చేసింది, అమెరికాస్ ఆర్మీ అని. అందులో గాయాలకి కట్టు కట్టే సైనికుడిగా ఆడాలంటే ప్రథమచికిత్స పాఠాలు విని పరీక్ష పాసవ్వాలి. అంత పట్టింపుతో చేశారు. అందులోనూ రౌండు ముగిస్తే యుద్ధం అయిపోయినట్టే.

మావాడు చిన్నబుచ్చుకున్నాడు. "పోనీ సౌండ్ విను తాతయ్యా. సౌండ్ మాత్రం అచ్చం అలాగే ఉంటుంది" అని తన హెడ్‌ఫోన్లు తాతయ్యకి తగిలించాడు.

ఎవడో స్టన్ గ్రెనేడ్ విసిరాడు. తెర తెల్లగా అయిపోయింది. హెడ్‌ఫోన్లలోంచి సన్నటి కూత పక్కనున్న నాకూ వినపడింది. నాన్న రెండు చేతులతో వాటిని చెవులకేసి అదుముకున్నాడు.

"ఇదేరా! ఇది మాత్రం సరిగ్గా పట్టారు!"

నాన్న గొంతు అంత పైకి లేవగా నేనెప్పుడూ వినలేదు. మావాడి మొహం వెలిగిపోయింది. తెర మీద చెట్లు, ఇళ్లు మెల్లగా తిరిగొచ్చాయి.

"ఏదీ, ఆగిపోయిందే?"

"అంతే తాతయ్యా. నాలుగైదు సెకన్లే."

నాన్న హెడ్‌ఫోన్లు తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం నొక్కి ఆపావు?"

"ఏం నొక్కలేదు. దానంతటదే పోతుంది."

"పోతుందా?" అన్నాడు నాన్న. కాసేపాగి, "నాకు ద్రాస్‌లో మొదలైందిరా" అన్నాడు.

వంటింట్లో అరిసెలు వత్తుతున్న అమ్మ, చేతికంటిన పాకంతో గుమ్మంలోకొచ్చి నిలబడింది. నాన్న వైపు చూడలేదు.

"ఏరా, ఆ రేడియో వేశావే, ఆ బండివాడు... వాడిది ఏ ఊరు?"