చిలకలపూడి సమానత్వం

బందరు పక్కనున్న చిలకలపూడిలో లోపలి లోహం మీద పలచగా బంగారు పూత వేసి గాజులూ గొలుసులూ చేస్తారు. పెళ్లికి పెట్టుకెళ్తే పక్కన కూర్చున్న వియ్యపురాలు కూడా పోల్చుకోలేదు. ఆ వ్యాపారంలో ఒక నీతి ఉంది: అది కవరింగేనని అమ్మేవాడే చెబుతాడు. ఆ ఒక్క ముక్క చెప్పకుండా మన విద్యాశాఖ పంచే సరుకు బడి యూనిఫాం. జూన్‌లో బడులు తెరిచిన రోజున ఏదో ఒక వేదిక మీద నుంచి "పేదా గొప్పా తేడా పోయింది, పిల్లలంతా ఒక్కటే" అన్న మాట వినపడాల్సిందే. ఏ బడి పిల్లలంతా అని మాత్రం ఎవరూ అడగరు.

అడగాల్సింది అదే. పొద్దున ఎనిమిదింటికి పామర్రు నుంచి చల్లపల్లి పోయే రోడ్డు మీద, కూచిపూడి దగ్గర నిలబడి చూడండి. టై, బూట్లు, జేబు మీద బడి ముద్ర ఉన్న చొక్కా పసుప్పచ్చ బస్సెక్కుతుంది. సర్కారు వారి చొక్కా నడుచుకుంటూనో, ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చునో జిల్లా పరిషత్ హైస్కూలుకు పోతుంది. యూనిఫాం లేని కాలంలో బట్టలు చూసి ఇంటి స్థితిని ఊహించుకోవాల్సి వచ్చేది, ఒక్కోసారి ఊహ తప్పేది కూడా. ఇప్పుడా శ్రమ లేదు. తండ్రి ఏటా ఎంత ఫీజు కడతాడో వంద గజాల నుంచే చెప్పేయొచ్చు. ఫీజు కౌంటర్ దగ్గర జల్లెడ పట్టి, ఒక సైజు గింజలన్నీ ఒక సంచిలో పోసి, సంచికి రంగేసి, చూశారా గింజలన్నీ సమానం అంటున్నాం. ఈ సంచులను కాస్త కలిపే ఏర్పాటు 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బడుగు వర్గాల పిల్లలకు ఇవ్వాలని 12వ సెక్షన్ చెబుతుంది. చట్టం వచ్చి పదేళ్లు దాటితే గానీ మన రాష్ట్రంలో ఆ సెక్షన్‌కు ఒళ్లు విరుచుకునే తీరిక దొరకలేదు. చొక్కా రంగు మార్చడానికి మాత్రం మనకెప్పుడూ తీరికే.

2020 అక్టోబర్ 8న ఈ కృష్ణా జిల్లాలోనే, కంకిపాడు మండలం పునాదిపాడులో 'జగనన్న విద్యా కానుక' మొదలైంది. మూడు జతల గుడ్డ, బూట్లు, బెల్టు, సంచి, పుస్తకాలు. ప్రభుత్వం మారాక 2025లో అదే కిట్టు 'సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర' అయింది. పేరు మారింది, రంగు మారింది, పిల్లలు మాత్రం పాతవాళ్లే. అన్నిటికన్నా ముచ్చటైనది ఆ గుడ్డకు ప్రభుత్వమిచ్చే కుట్టుకూలి. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా జతకు 40 రూపాయలు. ఆ డబ్బుకు కాజాలు కుట్టించి, చొక్కా సంగతి తర్వాత చూసుకోమంటాడు టైలరు. మిగతాది చేతి నుంచి వేసుకోగలిగిన ఇంటి పిల్లాడి నిక్కరు నడుము మీద నిలబడుతుంది, వేసుకోలేని ఇంటి పిల్లాడిది పిన్నీసు మీద నిలబడుతుంది. ఒకే తాను గుడ్డలోంచి ఆ తేడా అంత స్పష్టంగా కనబడటం నేతపనిలో కొత్త సాధనే, పెడన మగ్గాల మీద కూడా ఇలాంటిది రాలేదు.

ఇక యూనిఫాం ఉంటే ఏడిపించడం తగ్గుతుందన్న సంగతి. తోటివాణ్ణి ఏడిపించాలనుకున్న కుర్రాడు చొక్కా కోసం చూస్తాడన్నది పెద్దల అమాయకత్వం. నల్లోడు, నత్తోడు, బోండాం, ఫలానావాళ్ల పేట: ఇందులో ఏదీ గుడ్డతో కప్పేది కాదు. తమిళనాడులో కామరాజ్ నాటి నుంచీ ఉచిత యూనిఫాం ఉంది. అయినా 2023 ఆగస్టులో తిరునల్వేలి జిల్లా నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని అదే బడి పిల్లలు ఇంటికొచ్చి కత్తులతో నరికారు, అడ్డొచ్చిన చెల్లెలినీ వదల్లేదు. ఆ తర్వాత వేసిన జస్టిస్ చంద్రు కమిటీ, కులాన్ని చాటే రంగుల చేతిదారాలు బడిలో నిషేధించాలని 2024లో సిఫారసు చేసింది. అంటే చొక్కాలన్నీ ఒకటి చేశాక కులం పోలేదు, మణికట్టుకు మారింది. ఇంకా వెనక్కి వెళ్తే, 1994లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ నగరం తన బడుల్లో యూనిఫాం పెట్టి గొడవలు తగ్గాయని చాటింది, 1996లో అధ్యక్షుడు క్లింటన్ అంతటివాడు ఆ మాట ఎత్తుకున్నాడు. 1998లో బ్రన్స్మా, రాక్‌మోర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా అంతటి విద్యార్థుల లెక్కలు తిరగేస్తే ప్రవర్తన మీద యూనిఫాం నేరుగా చూపిన ప్రభావమేదీ తేలలేదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2022లో చూసిందీ ఇంచుమించు అదే, పైగా యూనిఫాం ఉన్న బడుల్లో ఐదో తరగతి పిల్లలకు 'ఇది నా బడి' అన్న భావన కాస్త తక్కువగా కనిపించింది.

అయితే యూనిఫాం ఎత్తేద్దామా, చినిగిన చొక్కాతో వచ్చే పిల్లాడి మాటేమిటి అని ఎవరైనా అంటే అది న్యాయమైన ప్రశ్న, దాన్ని వెటకారంతో దాటేయడం తప్పు. కెన్యాలో ఉచితంగా యూనిఫాం ఇచ్చి చూస్తే అంతకుముందు అది లేని పిల్లల గైర్హాజరు సగానికి పైగా తగ్గింది. ఎనిమిదేళ్ల తర్వాత చూస్తే ఆ లాభం మిగల్లేదు గానీ, బడికొచ్చిన రోజులు వచ్చినట్టేగా. కౌలు రైతు ఇంట్లో, చేపల చెరువు మీద కూలికెళ్లే ఇంట్లో మూడు జతల గుడ్డంటే జూన్ నెల అప్పులో ఒక పద్దు తగ్గినట్టే. కనుక గుడ్డ గుడ్డగా మంచిదే. కేంద్రం లెక్కలో మాత్రం ఆ గుడ్డకూ కొలబద్దలున్నాయి: ఆడపిల్లలందరికీ ఉంది, మగపిల్లల్లో ఎస్సీ, ఎస్టీ, దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్లకే. సమానత్వపు చొక్కా ఎవరికివ్వాలో తేల్చడానికి ముందు కులం, ఆదాయం అడగాలి. మిగిలినవాళ్లకు రాష్ట్రం కలుపుకుని ఇస్తోంది కాబట్టి ఆ కామెడీ ఇక్కడి పిల్లల కంటపడటం లేదు.

క్రమశిక్షణ కోసమైనా కావాలనేవారికి కూచిపూడి వాళ్లను అడగమని మనవి. మగవాడు జడ వేసుకుని సత్యభామగా వచ్చి ఊరంతటినీ మురిపించిన చోటు అది. వేషం ఎంత చేయగలదో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు, తెల్లారి రంగు కడిగాక ఎవరి ఇంటికి ఎవరు వెళ్లాలో కూడా. మన బడి వేషం సాయంత్రం నాలుగింటికే కడుక్కుపోతుంది.

నిజంగా ఒకే చొక్కా కావాలంటే దారి ఒకటి 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు చూపించింది. ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లు, ప్రజాప్రతినిధులు, న్యాయమూర్తులు తమ పిల్లల్ని సర్కారు బడికే పంపేలా చూడమని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. పదేళ్లయింది. దేశంలో అక్కడా ఇక్కడా ఒకరిద్దరు కలెక్టర్లు తప్ప, ఆ నలభై రూపాయల టైలరు దగ్గరికి కొలతలివ్వడానికి ఇంకా ఎవరూ రాలేదు.