మెట్లగోడ సూత్రములు, సవ్యాఖ్యానము

అమలాపురంలో మేముంటున్న ఇంటి మెట్లగోడ మీద, నెలగంట పెట్టిన మర్నాడు, ఒక గ్రంథం వెలసింది. ఒకే ఒక్క కాగితం, పైన ప్లాస్టిక్ పూత. నామధేయం 'శీతకాల నిబంధనలు'. సూత్రాలు ఆరు. గ్రంథకర్త మా ఇంటి యజమాని. పేరు చెప్పను. మూలకర్తతో వ్యాఖ్యాతకు వైరం కూడదు, పైగా సంక్రాంతి ముందు ఇల్లు వెతుక్కునే ఓపిక నాకు లేదు.

సూత్రమంటే అక్షరాలు తక్కువగానూ అర్థం ఎక్కువగానూ ఉండాలని పెద్దలు లక్షణం చెప్పారు. అక్షరాల మాటకొస్తే మా గ్రంథకర్త ఆ లక్షణాన్ని నిలబెట్టారు. అర్థం సంగతి చూడడానికే ఈ వ్యాఖ్య. కాళిదాసుకు 'సంజీవని' రాసిన మల్లినాథసూరి మన మెదకు సీమ వాడే. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన మొదట్లోనే మాట ఇచ్చాడు. నేను ఇవ్వను. ఆయన చేతిలో ఉన్నది కాళిదాసు. నా ముందున్నదాంట్లో ఉన్నంత మటుకే చెప్పి ఊరుకుంటే పావు పేజీ కూడా నిండదు. బ్రౌను దొర పండితులను జీతమిచ్చి కూర్చోబెట్టి మనుచరిత్రకూ వసుచరిత్రకూ టీకలు రాయించాడు. ఇక్కడ వ్యాఖ్యాతే నెలనెలా అద్దె కడుతున్నాడు.

ఒకటో సూత్రం: 'గీజరు ద్వారా వేడినీరు మనిషికి దినమునకు ఒక బక్కెట్టు మాత్రమే అనుమతించబడును.'

ప్రతిపదార్థం అక్కర్లేదు, బక్కెట్టంటే బక్కెట్టే. తేలాల్సింది ఇది ఏ జాతి విధి అన్నది. మీమాంసకులు విధులను మూడుగా విడదీశారు. మరే విధంగానూ తెలిసే వీలులేని పనిని చెయ్యమనేది అపూర్వవిధి. స్వర్గం కావాలంటే యాగం చెయ్యమనడం అలాంటిది, వేదం చెప్పకపోతే ఆ సంగతి ఎవరికీ తోచదు. రెండు దారుల్లో అయ్యే పనికి ఒక దారినే ఖాయం చేసేది నియమవిధి. వడ్ల మీది పొట్టు గోళ్ళతో గిల్లి తీయవచ్చు, రోట్లో దంచీ తీయవచ్చు. యజ్ఞానికైతే దంచే తీయాలి. మూడోది పరిసంఖ్య. చూడ్డానికి చెయ్యమన్నట్టే ఉంటుంది, తాత్పర్యమంతా మిగతాది చెయ్యవద్దనే. ఐదు గోళ్ళున్న జంతువుల్లో ఫలానా ఐదింటిని తినవచ్చునని ఒక వచనం ఉంది. తినితీరాలని దాని ఉద్దేశం కాదు, ఆరోదాని జోలికి పోవద్దని. మన సూత్రమూ అంతే. మొదటి బక్కెట్టు పోసుకోమని ఎవరూ బతిమాలడం లేదు, రెండోదాని మీదే చూపంతా. కాబట్టి పరిసంఖ్య అని నిర్ణయం.

ఈ పరిసంఖ్యకు మూడు దోషాలున్నాయని మీమాంసకులే ఒప్పుకున్నారు. వాక్యం చెప్పిన అర్థాన్ని వదులుకోవాలి. చెప్పని అర్థాన్ని తెచ్చిపెట్టుకోవాలి. సహజంగా అందేదాన్ని అడ్డుకోవాలి. ఈ మూడోదానికి శాస్త్రంలో ప్రాప్తబాధ అని పేరు. మార్గశిరంలో సగం స్నానం మీద వేన్నీళ్ళు అయిపోయి, మిగతా సగం చన్నీళ్ళతో కానిచ్చినవాడికి ఈ పేరు విడమర్చి చెప్పనక్కర్లేదు.

పూర్వపక్షం ఒకటి ఉంది. 'ఇదీ ఒక చలేనా మాస్టారూ? మనవేవన్నా కాశ్మీరంలో ఉన్నావా అండీ?' అని గ్రంథకర్త నోటి వచనం. సమాధానం. మైదానాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగితే గాని వాతావరణ శాఖ శీతల గాలుల మాట ఎత్తదు. సముద్రతీరానికి మాత్రం వేరే కొలత పెట్టుకుంది. 15 డిగ్రీలకు దిగి, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు తగ్గితే చాలు. తీరం మనిషికి ముందే చలేస్తుందని సర్కారువారే ఒప్పుకున్నారన్నమాట. అమలాపురంలో ఆ పదిహేనూ అరుదే, నిజమే. కానీ ఈ గ్రంథాన్ని గోడకు అంటించే వేళ మా గ్రంథకర్త తల మీద మంకీ క్యాపు ఉంది. శబ్దప్రమాణం కన్నా ప్రత్యక్షం బలవత్తరం.

ఇక లెక్క. ఇరవై లీటర్ల నీళ్ళను ఇరవై డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు అర యూనిట్ కరెంటు కావాలి. రెండు కిలోవాట్ల గీజరుకు పావుగంట పని. ఈ అర యూనిట్ కోసమేనా ఇంత శాస్త్రం? కాదు. కింద వాటాకూ మా వాటాకూ మీటరు ఒకటే. ఇళ్ళ కరెంటుకు వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర మెట్లెక్కుతుంది. రెండు సంసారాల వాడకం ఒకే మీటరు మీద పడితే బిల్లు పై మెట్టెక్కి కూర్చుంటుంది. కింద రెండు గీజర్లూ, ఒక మోటారూ. పైన మా బక్కెట్టు. పై మెట్టు ధర మాత్రం మా లెక్కలో. సబ్‌మీటరు పెట్టించండి మహాప్రభో అంటే 'చూద్దావండి' అన్నారు. పోయిన చలికాలమూ అదే అన్నారు.

రెండో సూత్రం: 'వంటగ్యాసుతో స్నానపు నీరు కాచరాదు. పెరటిలో డొక్కలు, కమ్మలు మండింపరాదు.'

డొక్కల దగ్గర వ్యాఖ్యాత ఆగక తప్పదు. కోనసీమలో పుట్టి కొబ్బరి డొక్క మీద నాలుగు మాటలు రాయకుండా పోతే పాపం. ఒకప్పుడు ఏ పెరట్లో చూసినా మూలగా మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద మసిబారిన కాగు ఉండేవి. డొక్క ఎండుకమ్మలా భగ్గున మండి చల్లారేది కాదు. కమ్మ ముక్కతో అంటించాలి. పైన పీచు అంటుకున్నాక లోపలి పొట్టు నిప్పు పట్టుకుని, మంట కనబడకుండా, గంటల తరబడి రాజుతుంది. రాత్రి పడుకోబోయే ముందు నాలుగు డొక్కలు లోపలికి తోసి పైన బూడిద కప్పితే, తెల్లారేసరికి కాగులో నీళ్ళు గోరువెచ్చగా ఉండేవి. ఆ పని ఇంట్లో అందరికీ చేతకాదు. బూడిద ఎక్కువైతే నిప్పు చస్తుంది, తక్కువైతే అర్ధరాత్రికే డొక్కలన్నీ తినేస్తుంది. మా మేనత్తకు తప్ప ఆ చెయ్యి ఎవరికీ కుదరలేదు.

తర్వాత రాగి బాయిలర్లు వచ్చాయి. మధ్యలో నిప్పుగొట్టం, చుట్టూ నీళ్ళు, పక్కన ఇత్తడి కుళాయి. దాంతో పాటు స్నానాల్లో అధికారభేదం కూడా స్థిరపడింది. తొలి నీళ్ళు తాతగారికి, పండగ నాళ్ళలో కొత్త అల్లుడికి. తర్వాత బళ్ళకూ ఆఫీసులకూ పోయేవాళ్ళకి. పొయ్యి దగ్గరే కూర్చుని పొగంతా మింగిన ఆడవాళ్ళకి ఆఖరి చెంబులు. దీని మీద ఏ స్మృతికర్తా నోరు విప్పలేదు.

ఆ కాగు వెనక ఉండే ఇల్లు మండువా లోగిలి. నాలుగు వైపుల నుంచీ పెంకుల కప్పు లోపలికే వాలుతుంది. వానా వెలుగూ మధ్యలోనే పడతాయి. పెంకుల సందుల్లోంచి గాలి ఎటు తోస్తే అటు పోతుంది గనక వంటింటి ఆవిరి ఇంట్లో నిలవదు. ఎంత వరదొచ్చినా గోదారి గడప తొక్కకుండా పునాది ఎత్తుగా లేపేవారు. ధనుర్మాసంలో ఆ ఇళ్ళల్లో చలి గజగజలాడించేది. గోడ మాత్రం చెమర్చేది కాదు. అయితే మండువాలను తలుచుకుని కన్నీళ్ళు పెట్టే బాపతు కాదు నేను. ఊళ్ళో మండువాలు నాలుగుంటే తాటాకిళ్ళు నలభై. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వాటిని లేపుకుపోయింది, కొబ్బరి తోటలను నేలకు పరిచేసింది. ఆ రాత్రి గడిపినవాళ్ళు నెత్తిన శ్లాబు కావాలని కోరుకున్నారంటే వంక పెట్టడానికి నాకు నోరు రాదు. కావలసింది శ్లాబే. దాన్ని వేయించడంలో పీనాసితనం ఎవరూ కోరుకోలేదు.

ఏ సూత్రం మీద ఉన్నాం? డొక్కలు. పొగకు గోడలు నల్లబడతాయని గ్రంథకర్త చెప్పిన హేతువు. ఇందులో నిజం కొంతే. ఇప్పుడు దింపు అయ్యాక, ఒలుపు దగ్గరి నుంచే డొక్కలు పీచు ఫ్యాక్టరీలకు లారీ ఎక్కుతున్నాయి. మా పెరటి చెట్ల డొక్కలదీ అదే దారి. అమ్ముడుపోయే సరుకును మనమే ఎందుకు కాల్చుకోవడం అనడం న్యాయమే. దానికి గోడల మీద ప్రేమ అని పేరు పెట్టడమెందుకు?

గ్యాసు గురించి నవ్వుతూ రాయడం ఈ సీమలో కష్టం. మా కాళ్ళ కిందంతా గ్యాసే. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి ఎగదన్ని అంటుకుంటే ఆర్పడానికి 65 రోజులు పట్టింది. ఆ చలికాలం చుట్టుపక్కల ఊళ్ళ జనం ఇళ్ళు వదిలి పోయారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయారు. అలాంటి నేల మీద, సిలిండరు బుక్ చేసుకుని తెచ్చుకున్న గ్యాసుతో ఒక చెంబు నీళ్ళు కాచుకోవడానికి ఇంకొకరి అనుమతి! వ్యాఖ్య ఇక్కడితో ఆపుతాను.

మూడో సూత్రం: 'తడిబట్టలు ఇంటిలోపల ఆరవేయరాదు.' నాలుగో సూత్రం: 'డాబాపైకి అద్దెదారులకు ప్రవేశము లేదు.'

విడివిడిగా చదివితే రెండూ నిర్దోషాలే. కలిపి చదివితే బట్టలు ఉతకరాదని తేలుతుంది. ఇంత పెద్ద నిషేధం ఎక్కడా నోరు విడిచి చెప్పకుండా అర్థాపత్తి చేత సాధించడం గ్రంథకర్త ప్రతిభకు పరాకాష్ఠ. దేవదత్తుడు బలిసి ఉన్నాడు, పగలు తినడు, కనుక రాత్రి తింటున్నాడని శాస్త్రంలో ఉదాహరణ. అద్దెదారు ఉతికిన బట్టలే కడుతున్నాడు, లోపల ఆరెయ్యడు, డాబా ఎక్కడు, కనుక ఎక్కడ ఆరేస్తున్నాడు? నాలుగో సూత్రం కింద ఎవరో బాల్‌పెన్నుతో 'మరి మీ నెత్తి మీదా?' అని రాశారు. ఇది ప్రక్షిప్తమని కింద వాటావారు. మూలంలో లేకపోయినా మూలానికి తగిన వాక్యమని నా మతం. చేతిరాత మాత్రం నాది కాదు.

డాబా మీద ఉన్నవేమిటంటే గ్రంథకర్తవారి కొబ్బరి చిప్పలు, వడియాలు. ఎండ ఆ రెంటికీ కేటాయించబడింది. బట్టలు లోపల ఆరేస్తే ఆవిరి పుడుతుందన్నది నిజం. ఆ ఆవిరి పోవడానికి దారి ఉండాలన్నదీ నిజమే. రాత్రంతా పైన మంచు కురుస్తుంటే శ్లాబు చల్లబడిపోతుంది. గదిలోని తేమ వెళ్ళి ఆ చల్లటి సీలింగుకే అంటుకుంటుంది. వంటింటికి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, గోడ పైన రెండు వెంటిలేటర్లు పెట్టించి ఉంటే సగం తగ్గేది. పాత ఇళ్ళకు వెంటిలేటర్లు ఉండేవి. ఈ ఇంటికి వాటి స్థానంలో పీవోపీ పువ్వులు ఉన్నాయి.

ఐదో సూత్రం: 'గేటు రాత్రి 9 గంటలకు మూయబడును.'

స్పష్టము. అయినా ఒక్క మాట. అనుమతించబడును, మూయబడును, రాబోయే సూత్రంలో మినహాయింపబడును. గ్రంథమంతటా పనులున్నాయి, చేసేవాడు మాత్రం లేడు. తెలుగు మాట్లాడేవాడెవడూ ఇలా అనడు, 'తొమ్మిదికి గేటేసేస్తానండి' అంటాడు. అలా అంటే, బస్సు ఆలస్యమై తొమ్మిదిన్నరకు మంచులో నిలబడ్డవాడు ఎవరిని లేపాలో తెలిసిపోతుంది. కర్మణి ప్రయోగానికి కాలింగ్ బెల్లు లేదు.

ఆరో సూత్రం: 'అద్దెదారుల అజాగ్రత్త వలన గోడలకు కలిగిన చెమ్మ నష్టము, ఖాళీ చేయునపుడు అడ్వాన్సు నుండి మినహాయింపబడును.'

ఇది అనుమానఖండం. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్నట్టు, చెమ్మ ఉన్నచోట అద్దెదారు అజాగ్రత్త ఉంటుందని ఇక్కడ వ్యాప్తి. వ్యాప్తిని పరీక్షించాలంటే అద్దెదారు లేని చోట చెమ్మ ఉందో లేదో చూడాలి. కింద వాటా పక్కన వీధి వైపు మూలగది ఒకటుంది. మేమొచ్చినప్పటి నుంచీ దానికి తాళమే. అందులో నీళ్ళు కాచినవారు లేరు, బట్టలు ఆరేసినవారు లేరు. ఊడిన కిటికీ రెక్కలోంచి చూస్తే నడుమెత్తు దాకా గోడ చౌడు పట్టి, ఉప్పు పొంగి, సున్నం పెచ్చులుగా రాలుతోంది. న్యాయశాస్త్రంలో ఇలాంటి దెబ్బతిన్న హేతువును సవ్యభిచారమంటారు. అసలు కారణానికి శాస్త్రాలు తిరగేయనక్కర్లేదు, మేస్త్రీని అడిగితే చాలు. ఇది చేను పూడ్చి కట్టిన ఇల్లు. పక్కన కాలవ. దాళ్వాకు నీళ్ళు వదిలితే చుట్టూ నేలంతా నానుతుంది. పునాది మీద చెమ్మను ఆపే డీపీసీ పొర వేస్తే ఆ నీరు గోడెక్కదు. వెయ్యలేదు. మా పై వాటా సంగతి వేరు, శ్లాబుకూ పిట్టగోడకూ మధ్య బీట ఉంది. పోయిన వానాకాలం నుంచీ ఉందని మూడుసార్లు చెప్పాం, అప్పుడూ 'చూద్దావండి' అనే వచనమే.

ఆరో సూత్రం మీద సందేహనివృత్తి కోసం గ్రంథకర్తను ఆ మూలగది కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. ఆయన మంకీ క్యాపు సవరించుకుని కాసేపు తేరిపార చూశారు.

'ఆయ్, ఆ గదికి వాస్తు కుదర్లేదండి మాస్టారూ' అన్నారు.

వాస్తు మీద వ్యాఖ్య రాయడానికి నాకు అధికారం లేదు. ఆ దోషం తాలూకు సున్నం ఖర్చు ఎవరి అడ్వాన్సులోంచి మినహాయింపబడునో ఏడో సూత్రంగా చేర్చమని మాత్రం కోరాను.