పన్నెండంకెలు

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. అనంతపురంలో మా ఇంటితో కలిపి నాలుగిళ్లలో పనిచేస్తుంది. పొద్దున ఆరింటికి మొదలుపెడితే మధ్యాహ్నం ఒంటిగంట అవుతుంది, మళ్లీ సాయంత్రం రెండు గంటలు. నాలుగిళ్ల జీతమూ కలిపితే నెలకు 6,200. అందులో 1,800 గది అద్దెకే పోతుంది. ఎనిమిదో తరగతికి వచ్చిన కూతురు, ఐదుకొచ్చిన కొడుకు.

పెళ్లయిన ఏడాదికే మొగుడి వెంట బెంగుళూరు వెళ్లింది. అతనిది సెంట్రింగ్ పని, ఈమె ఇటుకలు మోసేది. 2020 జనవరిలో ఇక్కడ అమ్మ ఒడి పథకం మొదలైనప్పుడు తోటికోడలి ఖాతాలో పదిహేను వేలు పడ్డాయని ఫోనులో విన్నది. తన పిల్లలేమో అక్కడ కన్నడ బడిలో ఉన్నారు, కాబట్టి అది తనకు సంబంధించిన కబురు కాదు. 2024 వేసవిలో పిల్లలిద్దరినీ తీసుకుని తిరిగొచ్చేసింది. మొగుడు రాలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ పై ఏడాది తల్లికి వందనం వస్తుందని తెలిసినప్పుడు మొదటిసారి నా దగ్గర కూర్చుని లెక్క అడిగింది. అమ్మ ఒడిలో తల్లికి ఒక్క బిడ్డ పేరుమీదే డబ్బు వచ్చేది. ఇందులో బడికి పోయే ప్రతి బిడ్డకూ వస్తుంది. పేరుకు 15,000, బడి నిర్వహణకని 2,000 పట్టుకుని తల్లి ఖాతాలో 13,000 వేస్తారు. ఇద్దరికి 26,000. ఆమె వేళ్లమీద లెక్కపెట్టుకుంది. నాలుగు నెలల సంపాదన దాటుతుంది. హైస్కూలు దూరం, కూతురు రోజూ షేర్ ఆటోలో పోతోంది. సైకిలు కొంటానంది. మిగతా డబ్బు దేనికని ఆమె చెప్పలేదు. అప్పులుంటాయి కదా.

ఈ పథకానికి విడిగా ఫారం లేదు, కాబట్టి సులువే అనుకుంటారు చాలామంది. నేనూ అనుకున్నాను. బడి రికార్డులో పిల్లల పేరు, 75 శాతం హాజరు, బియ్యం కార్డు, వార్డు సచివాలయం లెక్కలో కుటుంబం, తల్లి ఆధార్‌కు ముడిపడిన బ్యాంకు ఖాతా, ఇవన్నీ ఒకదానితో ఒకటి కలవాలి. ఏళ్లుగా ఒకేచోట ఉన్నవాళ్లకు ఎప్పుడో కలిసిపోయి ఉంటాయి. కొత్తగా వచ్చిన మనిషికి మాత్రం ఒక్కో ముడీ ఒక్కో దరఖాస్తే. అత్తగారి ఊళ్లోని కార్డును ఇక్కడికి మార్పించుకోవాలి. ఆమె ఆధార్ బెంగుళూరు బ్యాంకు ఖాతాకు లింకయి ఉంది, ఆ ఖాతా పుస్తకం మొగుడి దగ్గర ఉంది. పోస్టాఫీసులో కొత్త ఖాతా తెరిపించి దానికి లింకు చేయించాం. ఎక్కడికి వెళ్లినా పొద్దున పూటే వెళ్లాలి. పొద్దున పూటంటే రెండిళ్ల పని పోయినట్టే.

సచివాలయంలో ఈకేవైసీకి వేలిముద్ర అడిగారు. బొటనవేలు పెట్టింది, పడలేదు. చూపుడువేలు, అదీ లేదు. అంట్లు తోమే సబ్బుకీ స్టీలు పీచుకీ గీతలు అరిగిపోయాయి. చీర కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. అక్కడున్న అమ్మాయి మంచిది, విసుక్కోలేదు. "కొబ్బరినూనె రాసుకుని రేపు రాక్కా" అంది. మర్నాడు ఎడమచేతి ఉంగరం వేలు పలికింది.

ఒక విషయం మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. ఏ కౌంటరు దగ్గర ఆధార్ నంబరు అడిగినా ఆమె కార్డు తీసేది కాదు. పన్నెండంకెలూ నాలుగు నాలుగుగా విడగొట్టి, పిల్లలు ఎక్కం చెప్పినట్టు గడగడా అప్పజెప్పేది. నా నంబరు నాకు ఇప్పటికీ రాదు.

"బెంగుళూరులో ఏ మేస్త్రీ అయినా ముందు ఇదే అడుగుతాడక్కా. నోటికి రాకుంటే పని ల్యా" అంది.

2025 జూన్ 12న ప్రభుత్వం తల్లికి వందనం విడుదల చేసింది. సచివాలయంలో జాబితాలు పెట్టారు. అర్హుల్లో ఆమె పేరు లేదు, అనర్హుల జాబితాలో ఉంది. కారణం: విద్యుత్ వినియోగం.

సంక్షేమ పథకాలకు ఆరంచెల వడపోత ఉంటుంది. పట్టణంలో కుటుంబ ఆదాయం నెలకు 12,000 దాటకూడదు, పల్లెలో అయితే 10,000. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాల లోపు ఉండాలి. కారు ఉండకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. పట్టణంలో వెయ్యి చదరపు అడుగుల ఇల్లు ఉండకూడదు. కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. నేను కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. పేదరికాన్ని నేరుగా కొలవడం కష్టం కాబట్టి ఇలాంటి గుర్తులతో కొలుస్తారని ఏటా పాఠం చెప్పేదాన్నే. గుర్తు తప్పితే మనిషి తప్పిపోతుందని కూడా చెబుతాను. ఆ తప్పిపోయిన మనిషి పక్కన నిలబడటం మాత్రం నాకదే మొదలు.

"నీ ఆధార్ మీద నెలకు 342 యూనిట్లు చూపిస్తోందక్కా. ఇది ఏసీలు నడిచే ఇంటి లెక్క" అంది సచివాలయం అమ్మాయి.

ఆమె ఏమీ అనలేదు. తల వంచుకుని నేలవైపు చూసింది. భయపడిందనుకున్నాను.

"ఆమె గదిలో ఒక ఫ్యాను, రెండు బల్బులు, చిన్న టీవీ ఉన్నాయి. నేను చూశాను. మూడొందల నలభై రెండు ఎట్లా వస్తాయి?" అని గట్టిగా అడిగాను.

"ఎవరిదో మీటరు ఈమె ఆధార్‌కి ఎక్కింది మేడమ్. కరెంటాఫీసులో తీయించి కాగితం తెస్తే ఇక్కడ అర్జీ పెడతాను. గడువు ఎక్కువ లేదు."

ఎవరిదో ఏమిటి, ఎవరిదో నాకు తెలిసిపోయింది. ఆమె ఉండేది వరసగా ఆరు గదులున్న కొట్టంలో. ఆరింటికీ కలిపి ఒకటే మీటరు, కరెంటుకని ఒక్కో గదికీ నెలకు రెండొందలు వసూలు చేస్తాడు ఓనరు. ఆ ఆరు గదుల లెక్కనూ నోరులేని ఆడమనిషి ఆధార్ మీదకు తోసి ఉంటాడు. ఇలాంటివి ఎన్ని వినలేదు!

ఆ సాయంత్రమే స్కూటరు మీద ఆమెను ఎక్కించుకుని వెళ్లాను. దారిలో రెండుసార్లు అంది, "పోనీలేక్కా, వచ్చే ఏడు చూసుకుందాం" అని.

"వచ్చే ఏడేమిటి? ఇదేమీ ఎవరో వేసే భిక్ష కాదు, నీ పిల్లల హక్కు. నువ్విట్లా ఊరుకుంటావనే కదా వాళ్ల ధైర్యం" అన్నాను.

ఓనరు ముసలాయన వాకిట్లో మంచంమీద కూర్చుని ఉన్నాడు. నలుగురూ వింటుండగా అడిగేశాను. పిల్లల నోటికాడి కూడు తీశావని కూడా అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చింది. ఆయన కాసేపు తెల్లబోయి చూశాడు. లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవరులో చుట్టిపెట్టుకున్న కరెంటు బిల్లులు తెచ్చి, కళ్లజోడు సర్దుకుంటూ ఒక్కొక్కటే విప్పి చూపించాడు.

"ఇది నా మీటరేనమ్మా, నా ఆధారుకే ఉండాది. ఆరు గదుల కరెంటూ నా నెత్తిన పడి నా పింఛనీనే ఆపేసినారు. ఆ బాధేందో నాకు తెలుసు. ఇంకొకరికి నేనెట్ల చేస్తా తల్లీ?"

నేను నమ్మలేదు. బిల్లు మీద ఆధార్ నంబరు ఉండదు కదా అన్నాను. ఆమె నా చేయి పట్టుకుని లాగింది.

"పోదాం రాండక్కా. ఆయన కాదు."

మంచితనం కొద్దీ అంటోందనుకున్నాను.

మర్నాడు మొదటి రెండు క్లాసులకు సెలవు పెట్టి కరెంటాఫీసుకు తీసుకెళ్లాను. కౌంటరు ముందు పదిహేను మంది దాకా ఉన్నారు, అందరివీ ఇలాంటి గొడవలే. గంటన్నర తర్వాత మా వంతు వచ్చింది. ఆధార్ నంబరు చెప్పమన్నాడు గుమాస్తా. ఆమె అప్పజెప్పింది. ఈసారి మాత్రం గొంతు చిన్నగా ఉంది, ఆయన రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"ఒకటే సర్వీసు ఉంది మేడమ్. ఈ పేరు మీకు తెలిసినవాళ్లదేనా?" అని కంప్యూటరు తెర నా వైపు తిప్పాడు.

తెరమీద ఉన్నది మా మామగారి పేరు. ఆయన పోయి ఆరేళ్లయింది. కింద మా ఇంటి డోరు నంబరు. మా పైవాటా మీటరు.

అప్పుడు గుర్తొచ్చింది. కిందటి నవంబరులో ఒక పొద్దున, మీటర్లకు ఆధార్ లింకు చేస్తున్నామని ఒక కుర్రాడు వచ్చాడు. తొమ్మిదింటికి నాకు క్లాసు. కింది మీటరుకు నా నంబరు ఇచ్చాను. పై మీటరు పేరున్న మనిషి లేరు, వాడుకుంటున్న వాళ్లది ఎవరిదైనా చెప్పమన్నాడు. పైన ఉండేది మా అబ్బాయి, ఇంటినుంచే కంపెనీ పని చేసుకుంటాడు, రెండు గదుల్లోనూ ఏసీలున్నాయి. వాడు నిద్రపోతున్నాడు. ఒకే ఆధార్‌కు రెండు మీటర్లెందుకు, రేపు ఏ అవసరం వస్తుందో అని నా మనసులో అనిపించిన మాట నిజం. మెట్లు తుడుస్తున్న మనిషిని పిలిచి, "నీ ఆధార్ నంబరు చెప్పు" అన్నాను. చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని నాలుగు నాలుగుగా పన్నెండంకెలూ చెప్పింది. కుర్రాడు ఫోనులో కొట్టుకుని వెళ్లిపోయాడు. నేను టిఫిన్ డబ్బా సర్దుకుని కాలేజీకి వెళ్లిపోయాను. అంతా కలిపి రెండు నిమిషాలు. దాన్ని నేను ఆ రోజే మరిచిపోయాను.

ఆ కౌంటరు దగ్గరే తెల్లకాగితం అడిగి తీసుకుని, ఈ మీటరు మాది, ఈమెకు సంబంధం లేదు, తీసేసి నా ఆధార్‌కు లింకు చేయండి అని రాసి సంతకం పెట్టాను. స్టాంపు వేయించుకున్న నకలు తీసుకెళ్లి సచివాలయంలో ఇచ్చాను. అర్జీ తీసుకున్నారు. అక్కడినుంచి ఆ ముసలాయన దగ్గరికి వెళ్లాను. నిన్న నలుగురిలో అన్నాను కాబట్టి నలుగురిలోనే తప్పయిందని చెప్పాను. ఆయన మంచంమీద పక్కకు జరిగి, "కూచో తల్లీ, ఎండనపడి వచ్చినావు" అన్నాడు. నాకు కూర్చునే ముఖం లేకపోయింది.

మా ఇంటి గేటు దగ్గర స్కూటరు ఆపాక అడిగాను.

"నీకు ముందే తెలుసా?"

"సచివాలయంలో కరెంటు అన్నప్పుడే తెలిసిందక్కా. నా నంబరు నేను ఇంకే మీటరుకు చెప్పినా?"

"మరి ఎందుకు చెప్పలేదే? నీ ఎదురుగానే ఆ పెద్దాయన్ను అన్ని మాటలు అంటుంటే..."

ఆమె చెప్పులు విడిచి, చీపురుకట్ట కోసం మెట్ల కిందికి వంగింది.

"చెప్తే మీరు బాధపడతారని కొంచెం. ఉండే నాలుగిండ్లల్లో మీదే పెద్ద జీతమక్కా, అది పోతే ఎట్లని కొంచెం."

మా ఇంట్లో ఆమె జీతం నెలకు 2,000. మే నెలలో మా పైవాటా కరెంటు బిల్లు 4,160.